రెండంగుళాల స్థలం

మొన్న మా ఆవిడ నన్ను జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద కాస్మెటిక్స్ షాపుకి లాక్కెళ్లింది. ఈ వయసులో నా ముఖానికి ఎండ తగలకుండా ఏదో క్రీము రాయాలట. కౌంటరు వెనకున్న అమ్మాయి ట్యూబు నా చేతిలో పెట్టి, "డైరెక్టుగా ఫేస్‌కి పెట్టకండి సార్. ముందుగాల చేతి మీద జరంత రాసి, ఒక దినం ఆగి చూడుండ్రి. ఎర్రగ గాకుంటేనే పెట్టుకోండి" అంది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. మా ఆవిడ కొరకొరా చూసింది. ముప్పయ్యేళ్ల కిందట ఇదే మాట చెప్పినందుకు ఫిల్మ్‌నగర్ అంతా ఒక మనిషిని చాదస్తుడని నవ్వుకుందని ఆ ఇద్దరికీ ఎలా చెప్పను?

ఆయన పేరు రాయను. రాసినా మీకు తెలియదు. తెర మీద ఆయన పేరు పడేవేళకి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉండేవారు. ఆయన మేకప్ మేన్. తెనాలి వైపు నాటకాల్లో గడ్డాలు అంటించడంతో మొదలుపెట్టి, మద్రాసు వెళ్లి, సినిమా హైదరాబాదుకి తరలినప్పుడు దానితోపాటు పెట్టె పట్టుకుని వచ్చేశారు. ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా అందరం మాస్టారు అనే పిలిచేవాళ్లం. వెంగళరావు నగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవారు.

రంగు వెయ్యడంలో ఆయన్ని మించినవాళ్లు ఊళ్లో పదిమంది ఉన్నారు. ఆ సంగతి ఆయనే చెప్పేవారు. ఆయన గొడవంతా వేసిన రంగు తీసెయ్యడం గురించి. "వేసేటప్పుడు చుట్టూ పదిమంది నిలబడి చూస్తారండీ. తీసేటప్పుడు చూడండి, ప్యాకప్ అనగానే లైట్లు కూడా కట్టేస్తారు" అనేవారు. నిజమే. హీరోకైతే ఎవరో ఒకరు దూది పట్టుకుని నిలబడేవారు. డాన్సర్లూ జూనియర్ ఆర్టిస్టులూ మాత్రం స్టూడియో వెనక కుళాయి దగ్గర చేరి, కిరసనాయిలు గుడ్డతో, బట్టల సబ్బుతో ఒళ్లు తోముకునేవారు. అంట్లు కూడా అంతకంటే నెమ్మదిగా తోముతారు.

అప్పట్లో ఒంటికి ఏం పూసేవారో, అందులో ఏం కలిసేదో పూసేవాడికే తెలియదు. గడ్డాల బంక, జుట్టుకి కొట్టే వెండి పొడి, రాక్షసుల నీలం, రక్తం కోసం ఎవరికి వారు కలుపుకునే ఎరుపు. మాస్టారు కొత్త సీసా ఏది వచ్చినా ముందు తన ఎడమ చేతి మీద పెట్టుకునేవారు. మోచేతి నుంచి మణికట్టు దాకా కనుబొమల పెన్సిలుతో గళ్లు గీసి, ఒక్కో గడిలో అదే రంగు పూసి, భోజనం వేళ దాటేదాకా ఉంచి, ఒక్కోదాన్ని ఒక్కో దానితో తుడిచేవారు. ఒకటి స్పిరిట్‌తో, ఒకటి కిరసనాయిలుతో, ఒకటి కొబ్బరినూనెతో, ఒకటి శనగపిండితో. గడియారం చూసుకుంటూ ఎర్రదనం ఎంతసేపు ఉంటుందో గమనించేవారు. అందుకే ఆయన చొక్కా కుడిచేతికి గుండీ పెట్టి ఉండేది, ఎడమచేతికి ఎప్పుడూ ఊడదీసి ఉండేది.

ఆ గళ్ల చేతితో ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. సిటీ బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఒకసారి ఆ చెయ్యి చూసి లేచి వెళ్లిపోయేవారు. "నాకెప్పుడూ కిటికీ సీటేనయ్యా" అని సంబరపడేవారు. పరీక్ష నడుస్తున్నన్ని రోజులు ఆ చేతికి నీళ్లు తగలకూడదు కాబట్టి చెయ్యి పైకెత్తి స్నానం చేసేవారట. ఇక ఆదివారం ఆయన గుడి అనే చర్చిలో అందరూ రెండు చేతులూ ఎత్తి ఆరాధన చేస్తుంటే, గళ్లు బయటపడతాయని ఈయన కుడిచెయ్యి ఒక్కటే ఎత్తేవారు. చూసి చూసి పాస్టరుగారు ఒకరోజు పక్కకి పిలిచి, "మీరింకా దేవుడికి సగమే లోబడ్డట్టున్నారు" అన్నారట. మాస్టారు ఎడమచేతి చొక్కా పైకి లాగి చూపించారు. ఆ వారం ఆయన ఆరోగ్యం కోసం సంఘమంతా ప్రత్యేక ప్రార్థన చేసింది.

మనుషుల పేర్లు ఆయనకి గుర్తుండేవి కావు. చర్మాలు గుర్తుండేవి. రాష్ట్రమంతా హారతులు పట్టే హీరోని "మా పొడిచర్మం" అనేవారు. పరిచయమై చెయ్యి కలిపితే వెంటనే వదిలేవారు కాదు, తిప్పి మణికట్టు లోపలివైపు చూసేవారు. జాతకం చూస్తున్నారేమోనని కొందరు తమ జన్మ నక్షత్రం కూడా చెప్పేశారు.

తుడిచే సరుకులకి మాత్రం చుట్టరికాలు కలిపేవారు. స్పిరిట్ కొత్తల్లుడు. "వస్తాడు, హడావిడి చేస్తాడు, పోతాడు. మంట మనకి మిగులుతుంది." కిరసనాయిలు పక్కింటాయన. సాయానికే వస్తాడు గాని ఆ వాసన రెండ్రోజులు ఇల్లు వదలదు. కొబ్బరినూనె మేనత్త. "తొందరపెడితే పలకదు. కూర్చోబెట్టి, మర్యాద చేసి, కాసేపు ఆగావనుకో, ఎలాంటి మొండివాడినైనా బయటికి తీసుకొస్తుంది."

నేను ఆయనకి దొరికింది తొంభైల మొదట్లో. భీమవరంలో బీకాం అయిందనిపించి, శ్రీనగర్ కాలనీలో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటూ, ఒక సినిమాకి అసిస్టెంట్ డైరెక్టరుగా కుదిరిన కొత్త. హీరోగారి గడ్డం ఎంతసేపట్లో అవుతుందో కనుక్కురమ్మని పంపితే, స్టూడియో వెనక బండరాయి నీడలో ఈయన చెయ్యి చాపుకుని కూర్చుని కనిపించారు. నా వంక చూసి, "బాబూ, నీ చేతి మీద రెండంగుళాల స్థలం ఇస్తావా?" అని అడిగారు.

ఆ రోజుల్లో జూబ్లీహిల్స్‌లో ఏ ఇద్దరు కలిసినా గజాల మాటే. ఏ రోడ్డులో ఎన్ని గజాలు, బండలు పగలగొట్టాలా అక్కర్లేదా అని. అలాంటి చోట అంగుళాల లెక్కన, అదీ ఒంటి మీద స్థలం అడిగిన మనిషిని నేను చూడలేదు. అయినా చెయ్యి ఇచ్చేశాను.

"నాది ఎద్దు చర్మమయ్యా. ముప్పయ్యేళ్లుగా అన్నీ తిని అరిగించుకుంది. నాకేం కాలేదు కదాని ఇంకొకడికి పూస్తే పాపం" అంటూ నాలుగు గళ్లు గీసి గడ్డం బంక పెట్టారు. మధ్యాహ్నం మూడింటిని మూడు రకాలుగా తుడిచి, నాలుగోదాన్ని ఉత్త పొడి గుడ్డతో రుద్దారు. అది దండగ కదా అన్నాను.

"అదే ముఖ్యం. ఎర్రబడింది మందువల్లో, నా రుద్దుడువల్లో ఎలా తెలుస్తుంది? దీనికి మందు లేదు, రుద్దుడు మాత్రం అంతే. ఇది కూడా ఎర్రబడిందనుకో, తప్పు నా చేతిది."

తర్వాత జేబులోంచి ఉతికిన తెల్ల రుమాలు తీసి ఒక్కో గడి మీద అద్ది, ఎండలో పట్టుకుని చూశారు. కంటికి శుభ్రంగా కనిపించిన చోట కూడా రుమాలు మీద పసుపు మరక పడింది. చర్మం మాట నమ్మకూడదట, గుడ్డ మాటే నమ్మాలట. సాయంత్రానికి నా చెయ్యి స్పిరిట్ పడ్డచోట కందిపోయింది. ఆయన మురిసిపోయారు. "నీది పేపరు లాంటి చర్మం బాబూ. ఏ వార్తయినా వెంటనే అచ్చేస్తుంది" అన్నారు. ఆనాటి నుంచి వారానికి రెండు రోజులైనా నా చేతి మీద గళ్లుండేవి. నేనూ బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆయన ఏడాదంతా సెలవు పెట్టేవారు కాదు. గుడ్ ఫ్రైడే నాడు మాత్రం పన్నెండు నుంచి మూడు దాకా గుడికి వెళ్లాల్సిందే. ఆ సంగతి ఒప్పుకున్నాకే సినిమా ఒప్పుకునేవారు. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే నాడు మాకు ఒక పాట. ఎనిమిదిమంది మగ డాన్సర్లు వెండి విగ్రహాల్లా నిలబడాలి, హీరోయిన్ తాకితే ప్రాణం వచ్చి ఆడాలి. మాస్టారు పొద్దున్నే వాళ్ల ముఖాలకి తను పరీక్షించిన వెండి పూసి, ఒంటికి సరిపడా అదే రంగు కలిపిపెట్టి, తన మనిషికి అప్పగించి గుడికి వెళ్లారు.

ఒంటి గంటకి డైరెక్టరుగారు కెమెరాలోంచి చూసి పెదవి విరిచారు. "ఇది వెండా, బూడిదా? మెరవాలి. ఏం చేస్తావో నాకు తెలియదు" అని నా మీద పడ్డారు. షూటింగుల్లో ఒక కట్టుబాటుంది. ఒక డిపార్ట్‌మెంటు సామాను ఇంకో డిపార్ట్‌మెంటు ముట్టుకోదు. లైటువాళ్ల స్టాండు కావాలన్నా లైటువాళ్లనే అడగాలి. ఆ కట్టుబాటు పట్టింపుల కోసం పెట్టుకున్నదని నేననుకునేవాణ్ని. సెట్టు వెనక స్తంభాలకి వేసే సిల్వర్ పెయింటు డబ్బా కనపడింది. స్తంభాలేమో ధగధగా మెరుస్తున్నాయి. సెట్టువాళ్లంతా భోజనాలకి వెళ్లారు. మాస్టారి మనిషి కూడా వెళ్లాడు. నేను డబ్బా మోసుకొచ్చి, మేకప్ గిన్నెల్లో పోసి, "ఒంటికిది పూసుకోండి, త్వరగా" అన్నాను. వెనక అందనివాళ్ల వీపులకి నేనే పూశాను.

డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. రెండు షాట్లు అయ్యాయి. మూడో షాటుకి ముందు వరసలోని యాదగిరి, ఎర్రగడ్డ నుంచి వచ్చే పాతికేళ్ల డాన్సరు, భుజాలు ఎగరేయడం మొదలుపెట్టాడు. స్టెప్పు కాదది.

"సార్, మంట పుడ్తుంది. చెమటకు ఇంక ఎక్కువైతుంది. జర జల్ది కడిగిపియ్యుండ్రి."

కడిగితే పోలేదు. ప్రొడక్షన్ మేనేజరు పెయింటు కరిగించే థిన్నరు ఒక డబ్బాడు తెప్పించి, చెత్త దూది ముంచి యాదగిరి భుజం మీద ఒక్క తుడుపు తుడిచాడు. రంగు పోయింది. యాదగిరి కింద కూర్చుండిపోయాడు. సరిగ్గా అప్పుడే మాస్టారు తెల్లబట్టల్లో, చేతిలో బైబిలుతో సెట్టులోకి వచ్చారు. వాసనకే ఆయనకి సంగతి తెలిసిపోయింది.

"ఎవరి వెండి ఇది?" అన్నారు.

ఆయన చూపు తిరుగుతూ తిరుగుతూ నా దగ్గర ఆగింది. నా రెండు చేతుల మీదా మోచేతి దాకా ఎండిన వెండి చారలున్నాయి.

మేనేజరు థిన్నరు డబ్బా ముందుకు జరిపాడు. "పది నిమిషాల్లో తుడిచేద్దామండీ. మళ్లీ మీ వెండి పూయండి, సాయంత్రంలోపు పాట లాగేద్దాం."

"ముందు చూడనివ్వండి."

"ఏంటండీ చూసేది? అక్కడ వాళ్లు మండిపోతుంటే మీ గళ్లాట ఇప్పుడా?"

"మండుతోంది కాబట్టే. ఒక్క భుజానికి చేశారు, చాలు. ఎనిమిది ఒళ్లకి నేను చెయ్యనివ్వను." మెల్లగా మాట్లాడే మనిషి గొంతు అంత గట్టిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ఆ డబ్బా మీద మూత పెట్టి, దాని మీదే కూర్చున్నారు. నన్ను పిలిచారు. "ఇటు రా బాబూ. నీ చేతి మీద రెండు గంటల కిందటి మరక ఉంది. నాకు కావలసింది అదే."

అంతమంది మధ్య నా చేతి మీది వెండికి నాలుగు గళ్లు గీశారు. థిన్నరు, కిరసనాయిలు, కొబ్బరినూనె, పొడి గుడ్డ. థిన్నరు గడి నిమిషంలో శుభ్రమైంది. మేనేజరు "చూశారా" అన్నాడు. రెండో నిమిషానికి ఆ గడి మిరపపండు రంగుకొచ్చింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కిరసనాయిలు రంగుని అటూ ఇటూ పులిమింది. పొడి గుడ్డకి చర్మం కందింది గాని రంగు చెక్కుచెదరలేదు. నూనె గడి పదినిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఊరుకుంది. ఆ పదినిమిషాలూ మేనేజరు వాచీ చూసుకుంటూ తిట్టని తిట్టు లేదు. తర్వాత మాస్టారు దూది పెట్టి ఒత్తి ఎత్తారు. వెండి పొరలా లేచి వచ్చింది. రుమాలు అద్దితే బూడిదరంగు పడింది. మళ్లీ నూనె పెట్టి, మళ్లీ ఎత్తి, మళ్లీ అద్దారు. రుమాలు తెల్లగా ఉంది. కింద నా చర్మం నా చర్మంలాగే ఉంది.

"నూనె తెప్పించండి" అన్నారు.

ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉన్న కిరాణా కొట్లన్నిట్లోనూ కొబ్బరినూనె అయిపోయింది. చాలక, ప్రొడక్షన్ వంటవాళ్ల దగ్గరి వేరుశనగ నూనె కూడా పట్టుకొచ్చారు. సెట్టు లైట్ల వెలుగులో ఎనిమిదిమంది బల్లల మీద బోర్లా పడుకుంటే, మాస్టారు తెల్లచొక్కా విప్పి బనీనుతో దిగారు. యాదగిరి వీపు నాకు అప్పగించారు. "రుద్దకు. ఒత్తి తియ్యి. తొందరపడ్డావంటే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు. డాన్సరుకి ఒళ్లే అన్నం. దద్దుర్లూ మచ్చలూ ఉన్నవాణ్ని ముందు వరసలో ఎవరూ నిలబెట్టరు. ఆ మాట నాకు కొత్త కాదు, కాని ఒక మనిషి వీపు మీద చెయ్యి పెట్టి ఉండగా గుర్తుకు రావడం వేరు. మూడు గంటలు పట్టింది. ఏడుగురికి ఏమీ కాలేదు. యాదగిరి భుజం మీద మాత్రం థిన్నరు పడ్డ మేర పొక్కింది.

పొద్దుగూకుతుండగా డైరెక్టరుగారు వచ్చి అసలిది ఎలా జరిగిందని అడిగారు. మేనేజరు తడుముకోకుండా, "మేకప్ మేన్ లేడు కదండీ, గుడికెళ్లాడు. ఆయన మనుషులు ఏదో పూసేశారు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. చెప్పాలనే అనుకున్నాను. కాని చెబితే ఈ ఉద్యోగం పోతుంది, నాన్న ఎదుట ఏ ముఖంతో నిలబడాలి అనుకున్నాను, ఆ అనుకోవడంలోనే సమయం దాటిపోయింది. "మంగళవారం ఈ పాట పూర్తిచేసి ఇచ్చేయండి. ఆ తర్వాత మీరు రానక్కర్లేదు" అన్నారు డైరెక్టరుగారు. మాస్టారు "సరేనండీ" అని దూది ఏరుకున్నారు. నా వైపు చూస్తారేమోనని భయపడ్డాను. చూడలేదు, అది ఇంకా అన్యాయంగా అనిపించింది.

ఆదివారం ఈస్టరు. నేను వెంగళరావు నగర్ వెళ్లాను, క్షమాపణ చెప్పాలనే. వాళ్లావిడ సేమ్యా పాయసం పెట్టారు. ఆయన నా చెయ్యి తీసుకుని ఎర్రమచ్చ చుట్టూ కొలిచి, మొన్నటికంటే గింజంత తగ్గిందన్నారు. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. రెండు గిన్నెల పాయసం తిని, చెప్పాల్సింది చెప్పకుండా తిరిగొచ్చాను. ఆ పాయసం రుచి ఇప్పటికీ నాకు సిగ్గుగా గుర్తుంది.

మంగళవారం పొద్దున్న మాస్టారు వెంటనే డాన్సర్లెవరికీ రంగు పూయలేదు. ముందురోజే తన చేతి మీద ఒక గడి, నన్ను పిలిపించి నా చేతి మీద ఒక గడి కొత్త వెండి పెట్టి ఉంచారు. ఇప్పుడు ఎనిమిదిమందినీ పిలిచి, వాళ్ల ముందే ఆ గళ్లని నూనెతో తీసి, రుమాలు అద్ది, ఆ రుమాలు వాళ్ల చేతికే ఇచ్చారు. "మీరు చూసుకోండి. బాగుందనిపిస్తేనే పూస్తాను" అన్నారు. డాన్సర్లని అలా అడిగినవాణ్ని వాళ్లూ చూసి ఉండరు. రుమాలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్లింది. యాదగిరి భుజానికి కట్టు ఉంది, ఆ రోజు వెనక వరసలో నిలబడాలి. వాడు రుమాలు కంటే ముందు నా చెయ్యి చూశాడు. థిన్నరు గడి ఇంకా ఎర్రగానే ఉంది.

"మీకింక తగ్గలే సార్?" అన్నాడు.

నేను చొక్కా చెయ్యి కిందికి లాక్కోబోయాను. మాస్టారు గిన్నెలో రంగు కలుపుతున్నారు. తల ఎత్తలేదు.

"చెప్పవయ్యా. అడుగుతున్నాడుగా" అన్నారు.

"ఆ డబ్బా తెచ్చింది నేనే యాదగిరీ. మాస్టారి మనుషులు కాదు. నేనే తెచ్చాను, నేనే పూయమన్నాను."

యాదగిరి మిగతా ఏడుగురి వంకా ఒకసారి చూశాడు.

"ఎరికే సార్. డబ్బా మీ చేతులనే జూసినం గదా. మేం జెప్తే ఎవరు నమ్ముతరు? మీరు జెప్తరా లేదా అని నాలుగు దినాలసంది జూస్తున్నం."

వాడు తిరిగి మాస్టారి ముందు నిలబడి, మంచి చెయ్యి చాచాడు. మాస్టారు స్పాంజి ముంచి పూయడం మొదలుపెట్టారు. ఇద్దరిలో ఎవరూ మళ్లీ నా వైపు చూడలేదు. సెట్టుకి అవతలి చివర డైరెక్టరుగారు కెమెరా పక్కన కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. నేను చొక్కా చెయ్యి దించుకోకుండానే అటు నడిచాను.